కారవాన్‌లో ఆటోమేటిక్ ఛేంజోవర్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో మాది వాహనాల వైరింగ్ షెడ్డు. ఒకప్పుడు మా దగ్గరకు లారీలు, ప్రైవేటు బస్సులే వచ్చేవి. తర్వాత సినిమా షూటింగుల కారవాన్లు, ఎన్నికల ప్రచార రథాలు మొదలయ్యాయి. ఇప్పుడు కుటుంబంతో సూర్యలంక తీరానికో శ్రీశైలానికో వెళ్లడానికి పాత మినీ బస్సును ఇల్లులా మార్పించుకునేవారూ వస్తున్నారు. మంచం కొలతలు, వంటగట్టు ఎత్తు, పరదాల రంగు గురించి గంటల తరబడి మాట్లాడతారు. కరెంటు సంగతి ఎత్తితే మాత్రం "అదంతా మీరే చూసుకోండి" అంటారు. రెండు నెలలు గడిచాక ఫోను చేసి అడిగే ప్రశ్నలన్నీ ఛేంజోవర్ అనే ఒకే పెట్టె చుట్టూ తిరుగుతుంటాయి. ఆ ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

ఈ పెట్టె చేసే పని ఏమిటి?

కారవాన్‌లోకి 230 వోల్టుల కరెంటు మూడు దారుల్లో వస్తుంది. బండి ఆగిన చోట గోడ ప్లగ్గు నుంచి, బండిలోనే ఉన్న జనరేటర్ నుంచి, బ్యాటరీల మీద నడిచే ఇన్వర్టర్ నుంచి. వాడుకునే వస్తువులు మాత్రం అవే: ఏసీ, ఫ్రిజ్, లైట్లు, మిక్సీ. వాటిని ఒక సమయంలో ఒక్క దారికే కలిపి, మిగతా దారులను పూర్తిగా విడదీసి ఉంచడం ఛేంజోవర్ పని. ఆటోమేటిక్ అంటే ఆ మార్పిడికి మనిషి చెయ్యి అక్కర్లేదని అర్థం.

చాలామంది దీన్ని కరెంటు తెచ్చిపెట్టే పెట్టె అనుకుంటారు. నన్నడిగితే ఇది కాపలాదారు. విజయవాడ జంక్షన్‌లో పట్టాలు చీలే చోటు చూసే ఉంటారు. కాజీపేట వైపు ఒకటి, విశాఖ వైపు ఒకటి, గూడూరు వైపు ఒకటి, గుంటూరు, గుడివాడ వైపు మరో రెండు. ఒక రైలుకు దారి ఇచ్చాక, దానికి అడ్డొచ్చే దారికి సిగ్నల్ ఇద్దామన్నా పడదు. మనిషి పొరబడినా యంత్రం ఒప్పుకోదు. రైల్వేవారు దాన్ని ఇంటర్‌లాకింగ్ అంటారు. మన పెట్టెలో ఉన్నదానికీ అదే పేరు, పనీ అదే.

మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఏసీసీఎల్ లాంటిదేనా?

దాని దాయాది. ఫ్లాటు మీటరు పక్కన ఉండే ఏసీసీఎల్ రెండు పనులు చేస్తుంది. లైను కరెంటు పోతే ఫ్లాటును జనరేటర్ వైపు మారుస్తుంది. ఆ జనరేటర్ మీద మీ వాటాకు మించి వాడితే కాసేపు కట్ చేసి, మళ్లీ ఇచ్చి చూస్తుంది. గీజర్ వేసిన ప్రతిసారీ ఇల్లంతా ఆరిపోయి వెలగడం అందుకే. కారవాన్ ఛేంజోవర్‌కు మామూలుగా ఈ రెండో పని ఉండదు. జనరేటర్ మోయలేనంత బరువు పెడితే అడ్డుకునేది ఎంసీబీయే, అంటే మోతాదు మించితే దానంతట అదే పడిపోయే స్విచ్చు.

మరో తేడా ఉంది. అపార్ట్‌మెంట్‌లో లైను కరెంటుకే మొదటి పీట. అది రాగానే జనరేటర్‌ను వదిలేస్తుంది. అమెరికా మోటార్‌హోముల్లో వాడే పెట్టెలు ఎక్కువగా దీనికి తలకిందులు. రెండూ ఉంటే జనరేటర్‌నే ఎంచుకుంటాయి. వినడానికి వింతగా ఉన్నా అందులో న్యాయం ఉంది. ప్లగ్గు పెట్టి ఉన్నా జనరేటర్ స్టార్ట్ చేశారంటే, ఆ ప్లగ్గు కరెంటు బాగోలేదనో చాలడం లేదనో కదా! వోల్టేజీ సరిగా లేని చోట్ల ఆగే బండికి ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం. మీ పెట్టె ఏ వైపు మొగ్గుతుందో కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

పెట్టె మూత తీస్తే లోపల ఏముంటుంది?

రెండు కాంటాక్టర్లు, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, నాలుగైదు జతల టెర్మినళ్లు. కాంటాక్టర్ అంటే కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్చు. కాయిల్‌కు కరెంటు ఇస్తే అది అయస్కాంతమై ఇనుప ముక్కను లాక్కుంటుంది. దాంతో కాంటాక్టులు మూసుకుని లోడుకు కరెంటు వెళుతుంది. కాయిల్‌కు ఆగిపోతే స్ప్రింగు వెనక్కి నెట్టేస్తుంది. మీకు వినిపించే "టక్" అన్న చప్పుడు అదే.

ఒక కాంటాక్టర్ ప్లగ్గు వైపు, రెండోది జనరేటర్ వైపు. రెండింటి మధ్య తక్కెడ కాడ లాంటి మీట ఉంటుంది. ఒకటి కిందికి దిగితే రెండోది దిగలేదు. ఇది మెకానికల్ ఇంటర్‌లాక్. దీనికి తోడు, ఒకదాని కాయిల్‌కు వెళ్లే తీగను రెండోదాని సహాయక కాంటాక్టు గుండా తిప్పుతారు. అంటే మొదటిది వదిలితేనే రెండోదానికి కరెంటు అందుతుంది. మంచి పెట్టెలో ఈ రెండు కట్టుబాట్లూ ఉంటాయి. తీగతో చేసిన కట్టుబాటు ఒక్కటే ఉన్న పెట్టెను నేను బిగించను. కాంటాక్టులు కరిగి అతుక్కుపోయిన రోజున ఆ తీగ మీద నమ్మకం పెట్టుకోలేం.

మారేటప్పుడు పాతది విడిపోయాకే కొత్తది కలుస్తుంది. నడుమ ఒక క్షణం ఎటూ కలవని స్థితి ఉంటుంది. ఆ ఖాళీయే దీని ప్రాణం.

ఆ ఖాళీ లేకుండా రెండూ కలిస్తే ఏమవుతుంది?

లైను కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. జనరేటర్ కరెంటు కూడా దాదాపు 50 సార్లే ఊగుతుంది, కానీ తన సొంత తాళంలో. ఒకటి పైకి ఊగుతున్నప్పుడు మరొకటి కిందికి ఊగుతూ ఉండవచ్చు. 230 వోల్టుల ఊపు శిఖరం 325 వోల్టుల దాకా ఉంటుంది. రెండూ ఎదురెదురుగా కలిస్తే నడుమ తేడా 650 వోల్టులు. జనరేటర్ వైండింగు కాలుతుంది, ఇంజన్‌కు లోపలి నుంచి దెబ్బ తగులుతుంది, కాంటాక్టులు వెల్డింగ్ చేసినట్టు అతుక్కుంటాయి.

ఇది మీ డబ్బు నష్టం. అంతకంటే ఘోరమైనది మరొకటి ఉంది. లైనులో కరెంటు లేని వేళ మీ జనరేటర్ కరెంటు ప్లగ్గు గుండా వెనక్కి పారిందనుకోండి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను తగ్గించి ఇళ్లకు ఇస్తుంది కదా, వెనక నుంచి వస్తే అదే ట్రాన్స్‌ఫార్మర్ మీ 230ని 11,000 వైపు పెంచుతుంది. కరెంటు తీశారన్న ధైర్యంతో స్తంభం ఎక్కిన లైన్‌మన్ చెయ్యి ఆ తీగ మీద ఉంటుంది.

అందుకే, జనరేటర్ కరెంటును గోడ సాకెట్‌లోకి ఎక్కించడానికి వాడే రెండు చివరలా పిన్నులున్న వైరు మా షెడ్డులో కనిపిస్తే అక్కడికక్కడే కత్తిరిస్తాం. పెళ్లి పందిళ్లలో, తిరునాళ్లలో ఇప్పటికీ వాడేవారున్నారు. ఒక చివర సాకెట్‌లో ఉంటే, రెండో చివర పిన్నులు గాలిలో బయటకు కనిపిస్తూ 230 వోల్టులతో ఉంటాయి.

జనరేటర్ స్టార్ట్ అయినా అర నిమిషం దాకా కరెంటు రావడం లేదు. పాడైందా?

లేదు, బాగుంది కాబట్టే రావడం లేదు. పెట్టెలోని బోర్డు 15 నుంచి 30 సెకన్లు కావాలనే ఆపుతుంది. చిన్న జనరేటర్లు చాలావరకు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితేనే 50 సైకిళ్ల కరెంటు, అంటే సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు, ఇస్తాయి. స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో ఆ వేగం ఉండదు. వోల్టేజీ ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. అప్పుడే ఏసీని మీద వేస్తే ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది, తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ మోటారు కదల్లేక వేడెక్కుతుంది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలకు దీపాలు వెలిగించేవారిని గమనించండి. జనరేటర్ చప్పుడు కుదురుకునేదాకా ఎవరూ స్విచ్చు మీద చెయ్యి వేయరు. వారు చెవితో చేసే పనినే ఈ బోర్డు టైమర్‌తో చేస్తుంది.

కరెంటు మారాక ఏసీ మాత్రం మూడు నిమిషాలు ఆలస్యంగా వస్తోంది?

అది ఏసీ తన కంప్రెసర్‌ను కాపాడుకోవడానికి పెట్టుకున్న గడువు. ఛేంజోవర్‌కు సంబంధం లేదు. వేచి ఉండండి.

కరెంటు పోతే జనరేటర్ దానంతట అదే స్టార్ట్ అవుతుందా?

ఛేంజోవర్ వల్ల కాదు. వచ్చిన కరెంటును మార్చడమే దానికి తెలుసు. ఇంజన్‌ను తిప్పడానికి వేరే కంట్రోలర్ కావాలి. పెద్ద భవనాల్లో ఏఎంఎఫ్ ప్యానెల్ అనేది రెండు పనులూ కలిపి చేస్తుంది. కారవాన్‌లోనూ అలా పెట్టవచ్చు గానీ, మనుషులు నిద్రపోయే బండిలో పెట్టమంటే నేను వెనకాడతాను. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అర్ధరాత్రి కరెంటు పోయి, ఎవరికీ తెలియకుండా ఇంజన్ నడిచి, గాలి అటునుంచి ఇటు తిరిగితే చాలు. తప్పదంటే పొగ గొట్టాన్ని కిటికీలకు దూరంగా తీసుకెళ్లి, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాకే ఆ కంట్రోలర్ కలుపుతాం.

ఫేజ్ మారిస్తే చాలదా, న్యూట్రల్ కూడా మార్చాలా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇదంతా రాశానన్నా తప్పు లేదు. మార్చాలి. తప్పకుండా మార్చాలి. మనవాళ్లకు ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) అంటే భయం, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) అంటే చిన్నచూపు. టెస్టర్ పెడితే వెలగదు కాబట్టి అందులో ఏమీ లేదనుకుంటారు.

ఒకసారి గుంటూరు నుంచి ఒక బండి వచ్చింది. వాన పడినప్పుడు చెప్పులు లేకుండా నేల మీద నిలబడి తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని ఆ ఇంటి పెద్దావిడ చెప్పారు. ఇంట్లోవాళ్లు నమ్మలేదట, వాళ్లంతా చెప్పులతో ఎక్కేవారు. పాత కాగితాలు తిరగేస్తే కథ మొదటి నుంచి తెలిసింది. ఎవరో ఒక పోల్ ఛేంజోవర్ బిగించారు. ఫేజ్ మాత్రం మారుతుంది, ప్లగ్గు న్యూట్రల్, జనరేటర్ న్యూట్రల్ రెండూ కలిపి ఒకే కట్టగా వేశారు. జనరేటర్ దగ్గర న్యూట్రల్‌ను ఎర్త్‌కు, అంటే బండి ఛాసిస్‌కు, కలిపి ఉంచారు. జనరేటర్ వరకే అయితే అది సరైన పనే. కానీ న్యూట్రళ్లు ఒకటే కావడంతో, బయటి ప్లగ్గు పెట్టినప్పుడు కూడా ఆ బంధం అలాగే ఉంది. దాంతో వెనక్కి వెళ్లాల్సిన కరెంటు కొంత న్యూట్రల్‌లో, కొంత ఎర్త్‌లో పారింది. ఆగిన ప్రతి చోటా అక్కడి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకి పారితే కట్ చేసే స్విచ్చు, పడిపోయింది. దానికి మరో మెకానిక్ కనిపెట్టిన మందు ఏమిటంటే, ప్లగ్గు వైరులో ఎర్త్ తీగను కత్తిరించడం!

ఆర్‌సీసీబీ పడటం ఆగింది, జబ్బు లోపలే ఉండిపోయింది. ఛాసిస్ మొత్తం బయటి న్యూట్రల్‌కు అతుక్కుని ఉంది. లోడు ఎక్కువున్న లైనులో న్యూట్రల్ నేల కంటే కొన్ని వోల్టుల పైన ఉంటుంది. టైర్లు రబ్బరు కాబట్టి బండికి నేలతో సంబంధం లేదు. తడి కాలితో నిలబడిన మనిషే ఎర్త్ తీగ అయ్యారు. ఆ కుటుంబం అదృష్టం ఏమిటంటే, వాళ్లు ఆగిన సాకెట్లలో ఎక్కడా ఫేజ్, న్యూట్రల్ తారుమారై లేవు. ఒక్కచోట అలా ఉన్నా బండి బాడీ మొత్తం 230 వోల్టులతో నిలబడేది.

సరైన పద్ధతి చెబుతాను. ఛేంజోవర్ రెండు పోళ్లది కావాలి. ప్రతి దారి తన ఫేజ్‌తో పాటు తన న్యూట్రల్‌ను తెచ్చుకుంటుంది, వెళ్లేటప్పుడు రెండింటినీ తీసుకుపోతుంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ ముడి ఒక సమయంలో ఒక్కచోటే ఉండాలి. ప్లగ్గు మీద ఉన్నప్పుడు ఆ ముడి వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, జనరేటర్ మీద ఉన్నప్పుడు జనరేటర్ దగ్గర. మంచి ఇన్వర్టర్ అయితే తన వంతు వచ్చినప్పుడు లోపలి రిలేతో తానే ముడి వేసుకుని, బయటి కరెంటు రాగానే విప్పేస్తుంది. బండిలోని పంపిణీ బోర్డులో మాత్రం ఆ ముడి ఎప్పుడూ ఉండకూడదు. ఇక ఎర్త్ తీగను ఏ స్విచ్చు గుండా పంపకూడదు. అన్ని ఎర్త్‌లూ ఛాసిస్‌కు ఎల్లవేళలా కలిసే ఉంటాయి.

సూట్‌కేసులా చేత్తో మోసుకెళ్లే చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ దేనికీ కలిపి ఉండదు. దాని మీద నడుస్తున్నప్పుడు ఆర్‌సీసీబీ ఉన్నా, దాని కాపలా లేనట్టే. అలాంటిది వాడతామంటే వైరింగ్ చేసేవారికి ముందే చెప్పండి.

ఇన్వర్టర్‌లోనే ఛేంజోవర్ ఉందంటున్నారు. ఇంకొకటి ఎందుకు?

ఇంటి ఇన్వర్టర్‌లో ఉన్నట్టే అందులోనూ ఒక రిలే ఉంటుంది. బయటి కరెంటు ఉంటే దాన్నే దాటించి బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, పోతే బ్యాటరీకి మారుతుంది. బయటి నుంచి ఒకే దారి ఉంటే అదే చాలు. జనరేటర్ కూడా ఉంటే రెండు దారులవుతాయి. వాటిలో ఒకదాన్ని ఎంచి ఇన్వర్టర్ ముందుకు పంపేది ఈ పెట్టె. అంటే ప్లగ్గు, జనరేటర్ ముందు ఛేంజోవర్‌లోకి, అక్కడి నుంచి ఇన్వర్టర్‌లోకి, అక్కడి నుంచి లైట్లు, ఫ్రిజ్, టీవీల బోర్డులోకి. ఏసీ, గీజర్ లాంటి బండరాళ్లను ఇన్వర్టర్ దాకా రానీయకుండా ఛేంజోవర్ నుంచే వేరే బోర్డుకు తీసుకుంటాం. లేకపోతే బ్యాటరీ గంట కూడా నిలవదు.

వేరే ఛార్జరు, వేరే ఇన్వర్టర్ ఉన్న బండిలో ఒక తప్పు తరచుగా చూస్తాం. ఛార్జరు ప్లగ్గును ఇన్వర్టర్ ఇచ్చే సాకెట్‌లోనే పెడతారు. బ్యాటరీ ఇన్వర్టర్‌ను నడుపుతుంది, ఇన్వర్టర్ ఛార్జరును నడుపుతుంది, ఛార్జరు అదే బ్యాటరీని నింపుతుంది. గానుగెద్దు రోజంతా నడిచినట్టు కరెంటు అక్కడే తిరుగుతుంది, ప్రతి చుట్టుకూ కొంత వేడిగా పోతుంది. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

మారేటప్పుడు కంప్యూటర్ ఆగిపోతుందా?

ఇన్వర్టర్‌లోని రిలే సుమారు 10 నుంచి 20 మిల్లీ సెకన్లలో మారుతుంది. 50 సైకిళ్ల కరెంటులో ఒక సైకిల్ 20 మిల్లీ సెకన్లు. ల్యాప్‌టాప్‌కు తన బ్యాటరీ ఉంటుంది కాబట్టి తెలియదు. టీవీ, రౌటర్ మామూలుగా తట్టుకుంటాయి. బల్ల మీది కంప్యూటర్ అంచు మీద ఉంటుంది, కొన్ని ఆగవు, కొన్ని ఆగుతాయి. కాంటాక్టర్ల ఛేంజోవర్ దీనికంటే నెమ్మది, పైగా జనరేటర్ కోసం ఆగే సమయం ఉంటుంది. నడుమ ఇన్వర్టర్ ఉంటే ఆ లోటును అదే పూడుస్తుంది.

ఎన్ని ఆంపియర్ల పెట్టె కొనాలి?

లెక్క చిన్నదే. 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి 230 వోల్టుల దగ్గర వచ్చేది 3,680 వాట్లు. టన్నున్నర ఏసీకి 1,600 వాట్లు అనుకుంటే 7 ఆంపియర్లు. 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యికి దాదాపు 9. ఈ రెండింటితోనే ప్లగ్గు నిండిపోయింది. ఫ్రిజ్ మోటారు అప్పుడే స్టార్ట్ అయితే ఎంసీబీ పడుతుంది. ఇక జనరేటర్ 5 కేవీఏ అయితే అది ఇవ్వగలిగేది 22 ఆంపియర్లకు కాస్త తక్కువ. వచ్చే దారుల్లో పెద్దదాన్ని చూసి, దానిపై మెట్టు తీసుకోవాలి. ఈ బండికి నేనైతే 32 తీసుకుంటాను, మా ఎండల వల్ల కొంత, మోటార్లు స్టార్టింగ్‌లో లాగే అదనపు కరెంటు వల్ల కొంత.

ఎండ మాట ఊరికే అనలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో బండి కింది డిక్కీలో, జనరేటర్ పక్కన, గాలి ఆడని పెట్టెలో వేడి ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇళ్లలో వాడే తరహా ఎంసీబీల లెక్కంతా 30 డిగ్రీల దగ్గర కట్టినది. అంతకంటే వేడెక్కితే అది తన మీద రాసిన అంకె కంటే ముందే పడిపోతుంది. మే నెలలో "ఊరికే ట్రిప్ అవుతోంది" అని వచ్చే బండ్లలో సగానికి నేను చేసేది ఆ పెట్టెను జనరేటర్‌కు దూరంగా జరపడమే.

బంధువుల ఇంటి ముందు ఆపి వాళ్ల ప్లగ్గు నుంచి తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, ఏ ప్లగ్గు అన్నది ముఖ్యం. బ్రాడీపేటలోని పాత ఇంటి హాల్లో ఉండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అంటే 1,380 వాట్లు. లావు పిన్నును సన్న సాకెట్‌లో దూర్చే కన్వర్టర్ దొరుకుతుంది కదా అని ఏసీ నడిపితే, ముందు కన్వర్టర్, తర్వాత గోడ సాకెట్ కరుగుతాయి. గీజర్ కోసం వేసిన 16 ఆంపియర్ల సాకెట్ వాడండి. ముందుగా టెస్టింగ్ ప్లగ్గు పెట్టి చూడండి. ఎర్త్ పైన ఉండేలా సాకెట్‌ను ఎదురుగా చూస్తే ఫేజ్ కుడివైపు ఉండాలి. వైరు చుట్టను చుట్టగానే వదిలేసి వాడకండి, పూర్తిగా విప్పండి. చుట్టలో వేడి బయటకు పోదు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి పెట్టె పంపుతానంటున్నాడు.

వద్దనండి. గుంటూరులోనూ విజయవాడలోనూ ఈ ప్రశ్న అడగని ఇల్లు తక్కువ! అక్కడి బండ్లలో రెండు రకాలున్నాయి. మూడు పిన్నుల 30 ఆంపియర్ల ప్లగ్గు, 120 వోల్టులది, అంటే 3,600 వాట్లు. నాలుగు పిన్నుల 50 ఆంపియర్ల ప్లగ్గులో 120 వోల్టుల ఫేజులు రెండు, మొత్తం 12,000 వాట్లు. రెండూ 60 సైకిళ్లవి. 120 వోల్టుల కాయిల్‌కు మన 230 ఇస్తే కొద్దిసేపటికే పొగ వస్తుంది. యూరప్ బండ్ల పద్ధతి మనకు దగ్గర: 230 వోల్టులు, 50 సైకిళ్లు, 16 ఆంపియర్ల గుండ్రటి నీలి ప్లగ్గు. ఆ ప్లగ్గులు ఇక్కడి పారిశ్రామిక ఎలక్ట్రికల్ దుకాణాల్లోనూ దొరుకుతాయి. వాన నీటికి తట్టుకుంటాయి, నేను అవే వేస్తాను.

సాయంత్రం పూట పెట్టె నుంచి గుయ్యిమని చప్పుడు వస్తోంది.

ముందు వోల్టేజీ చూడండి. కాంటాక్టర్ తన వోల్టేజీలో 85 శాతం అందితే గట్టిగా లాక్కునేలా తయారవుతుంది. 230కి అది 195 దగ్గర. పల్లెల్లో మోటార్లన్నీ ఆడే వేళ 170, 180 దాకా పడిపోతే కాయిల్‌కు బలం చాలక లాగుతూ వదులుతూ కొట్టుకుంటుంది. ప్రతి కొట్టుకు కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. గంటసేపు అలా వదిలితే కాంటాక్టులు నల్లబడి గుంటలు పడతాయి. ప్లగ్గు పీకి జనరేటర్ వేసుకోండి. శాశ్వత పరిష్కారం కావాలంటే వోల్టేజీ తక్కువైనా ఎక్కువైనా ఆ దారిని మూసేసే రిలేను ప్లగ్గు వైపు పెట్టించండి.

వోల్టేజీ బాగుండి కూడా చప్పుడు వస్తే, అయస్కాంతం ముఖాల మధ్య దుమ్ము చేరి ఉండవచ్చు, లేదా ఆ ముఖంలో పొదిగిన చిన్న రాగి ఉంగరం విరిగి ఉండవచ్చు. కొన్ని పెట్టెల్లో కాయిల్‌కు డీసీ ఇస్తారు, వాటికి ఈ గుయ్యిమనడం ఉండదు.

కాలిన వాసన వస్తే?

మొదట అన్ని దారులూ మూయండి. ప్లగ్గు, జనరేటర్, ఇన్వర్టర్ మూడూ. తర్వాతే మూత. పదింటికి ఎనిమిదిసార్లు అక్కడ కనిపించేది వదులైన స్క్రూ. ఇంట్లో గోడకు ఉండే పెట్టె కదలదు, ఇది గుంతల రోడ్డు మీద ఊగుతుంది. స్క్రూ వెంట్రుకవాసి వదులైతే అక్కడ వేడి పుడుతుంది, వేడికి ఇంకాస్త వదులవుతుంది. వైరు తొడుగు గోధుమ రంగుకు తిరిగితే మొదలైందని గుర్తు. సన్న పోగుల వైరును అలాగే స్క్రూ కింద నొక్కకుండా చివరకు లగ్గు (నొక్కి బిగించే లోహపు తొడుగు) వేసి బిగించాలి. మొదటి దూర ప్రయాణం కాగానే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి బిగింపు చూపించుకోండి. నల్లబడిన టెర్మినల్‌ను గరుకు కాగితంతో రుద్ది వాడమనకండి, మార్చేయండి.

చీమలు పడితే నిజంగా పాడవుతుందా?

పాడవుతుంది. వెచ్చగా ఉంటుందని చేరతాయి, కాంటాక్టుల నడుమ నలిగి కరెంటు అందకుండా చేస్తాయి. బల్లి దూరితే ఇంకా పెద్ద చప్పుడు. వైరు దూరే రంధ్రాలకు గ్లాండులు (వైరు చుట్టూ సందు మూసే బిరడాలు) వేయిస్తే ఈ గొడవ ఉండదు.

2024 వరదలో బండి మునిగింది. ఆరబెట్టి వాడుకోవచ్చా?

ఆ సెప్టెంబరులో బుడమేరు నీరు ఊళ్లోకి వచ్చాక ఇదే అడిగారు చాలామంది. కడిగి, ఎండబెట్టి, పనిచేస్తోంది కదా అన్నారు. ఆ నీటిలో బురద ఉంటుంది. స్ప్రింగు సందుల్లో, మీట కీలు దగ్గర అది గట్టిపడుతుంది. పైకి పనిచేసినట్టే ఉండి, ఒక రోజు కాంటాక్టర్ వదలాల్సిన సమయంలో వదలదు. ఛేంజోవర్, ఎంసీబీ, ఆర్‌సీసీబీ మునిగితే కొత్తవి వేయడమే. వైర్లను పరీక్షించి ఉంచుకోవచ్చు.

సోలార్ పలకలను దీనికి కలపాలా?

అక్కర్లేదు. వాటి కరెంటు ఛార్జ్ కంట్రోలర్ గుండా బ్యాటరీకి వెళుతుంది.

బిగించాక సరిగా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

బండి తీసుకునే రోజున మెకానిక్ ఎదురుగా ఉండి ఇవి చేయించండి. బిగించే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే, మీరు చూస్తే చాలు. బయటి ప్లగ్గు పెట్టి ఏసీ నడపండి. జనరేటర్ స్టార్ట్ చేయించి, ఎన్ని సెకన్లకు మారిందో ఫోనులో లెక్క పెట్టండి. మారాక, ప్లగ్గు సాకెట్‌లోంచి తీయించి, ఆ పిన్నుల మధ్య, ఒక్కో పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌తో చూడమనండి. సున్నా దగ్గర ఉండాలి. అక్కడ 230 కనిపించినా, సగం కనిపించినా బండి షెడ్డు దాటకూడదు. తర్వాత జనరేటర్ మీద ఒకసారి, ఇన్వర్టర్ మీద ఒకసారి ఆర్‌సీసీబీ టెస్టు మీట నొక్కించండి. అయితే ఆ మీట ఆర్‌సీసీబీ పడుతుందా లేదా అన్నదే చెబుతుంది, ఎర్త్ సంగతి చెప్పదు. న్యూట్రల్, ఎర్త్ ముడి ఎక్కడ ఉందో ప్రతి దారికీ విడివిడిగా మీటరుతో చూపించమనండి. టెస్టర్ స్క్రూడ్రైవర్ వెలిగింది కాబట్టి అంతా బాగుందనే మెకానిక్‌కు డబ్బు మొత్తం ఇవ్వకండి.

ఇంత తతంగం ఎందుకు, చేత్తో తిప్పే ఛేంజోవర్ చాలదా?

చాలామందికి చాలు. ఒకటి, సున్నా, రెండు అని మూడు స్థానాలుండే రెండు పోళ్ల స్విచ్చు. నడుమ సున్నా దగ్గర ఆపవచ్చు, పాడవడానికి కాయిల్ లేదు, బోర్డు లేదు, తక్కువ వోల్టేజీకి కొట్టుకోదు. ఇద్దరు ముగ్గురు తిరిగే చిన్న వ్యానుకు, జనరేటర్‌ను ఎలాగూ చేత్తోనే స్టార్ట్ చేసేవారికి ఇదే చెబుతాను. ఆటోమేటిక్ కావాల్సింది ఫ్రిజ్‌లో మందులు పెట్టుకునే వైద్య వాహనాలకు, షూటింగు కారవాన్లకు, దిగి స్విచ్చు తిప్పలేని పెద్దవారు ప్రయాణించే బండ్లకు. షెడ్డులో నెలకు రెండు మూడు ఆటోమేటిక్ పెట్టెలు బిగిస్తాను. నా సొంత వ్యానులో ఉన్నది మాత్రం చేత్తో తిప్పేదే.